అరవై మిల్లీవోల్టులు

పొగమీద వండే మాంసానికి పెద్ద మంట అక్కర్లేదు, నిలకడైన వేడి కావాలి. 225 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 107 సెల్సియస్, పది పన్నెండు గంటలపాటు. చెప్పడానికి ఇంతే. కానీ బొగ్గుకి నిలకడ ఎక్కడిది? గాలి ఎక్కువైతే రాజుకుంటుంది, తక్కువైతే బూడిద కప్పుకుని పడుకుంటుంది. అందుకే ఎవరో ఒకరు రాత్రంతా పక్కన కూర్చోవాలి. రంజాన్ నెలలో హైదరాబాదులో హలీం భట్టీల దగ్గర పనిచేసేవాళ్లని చూసినవారికి ఈ సంగతి కొత్త కాదు. కట్టె ఎప్పుడు లోపలికి తొయ్యాలో, ఎప్పుడు వెనక్కి లాగాలో వాళ్ల చేతికి తెలుసు.

టెక్సస్‌లోనూ అంతే. నేనుండే ఆస్టిన్ నుంచి దక్షిణంగా ముప్ఫై మైళ్లు వెళ్తే లాక్‌హార్ట్ అని చిన్న ఊరొకటి ఉంది. టెక్సస్‌కి బార్బెక్యూ రాజధాని ఇదేనని రాష్ట్ర ప్రతినిధుల సభ 1999లో తీర్మానం కూడా చేసింది. ఈ చుట్టుపక్కల స్థిరపడిన జర్మన్, చెక్ కసాయి దుకాణాలవాళ్లు మిగిలిపోయిన మాంసాన్ని పొగబెట్టి అమ్మడం నుంచే ఇక్కడి పద్ధతి వచ్చిందని చెప్తారు. పోస్ట్ ఓక్ కట్టె, ఇటుక పొయ్యి, తెల్లవారకముందే లేచి మంట చూసుకునే మనిషి. ఇప్పటికీ అవే ముఖ్యం. కానీ పెరట్లో సరదాగా వండుకునే సాఫ్ట్‌వేర్ మనిషికి పొద్దున తొమ్మిదింటికి మీటింగ్ ఉంటుంది. కాపలా కూర్చునే పని ఇంకెవరికైనా అప్పజెప్పాలి. ఆ అవసరంలోంచి పుట్టిందే పిట్ కంట్రోలర్.

అందులో ఉండేవి మూడే. వేడి చూసే ప్రోబ్, లెక్కవేసే చిన్న చిప్పు, గాలి ఊదే అరచేయంత ఫ్యాన్. వేడి తగ్గితే ఫ్యాన్ తిరుగుతుంది, సరిపోతే ఆగుతుంది. ట్యాంక్‌బండ్ మీద మొక్కజొన్న కంకులు కాల్చేవాళ్లు విసనకర్రతో చేసే పని, కొలిమి దగ్గర తిత్తి చేసే పని ఇదే. ఒక్కటే తేడా. అక్కడ చూసే కన్నూ, ఊపే చెయ్యీ ఒకే మనిషివి. ఇక్కడ వాటి మధ్య వైర్లుంటాయి.

బజార్లో కొంటే ఇది కాస్త ఖరీదే. చేతిలో ఒక ఆర్డ్యునో, కొంచెం సోల్డరింగ్ ఓపిక ఉంటే ఇంట్లో చేసుకోవచ్చు. మావాడు అలాగే చేశాడు.

మావాడంటే ఇంజనీరింగ్‌లో నా క్లాస్‌మేట్. ఈసీఈ. నాలుగేళ్లు ల్యాబ్‌లో ఒకే బ్యాచ్. బ్రెడ్‌బోర్డు మీద సర్క్యూట్ పనిచేయకపోతే వాడు సర్క్యూట్‌ని తిట్టేవాడు, నేను వైర్లు ఒక్కొక్కటే పీకి చూసేదాన్ని. తర్వాత ఈసీఈ చదివిన అందరిలాగే ఇద్దరం సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చాం, తిరిగి తిరిగి ఇద్దరం ఆస్టిన్‌లోనే తేలాం. ఒక శుక్రవారం మధ్యాహ్నం వాడి ల్యాప్‌టాప్ లాగిన్ అవలేదు. ఆ రోజు వాళ్ల ఆఫీసులో చాలామందికి అలాగే జరిగింది.

హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే, 2017లో అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం, గరిష్టంగా 60 రోజుల గడువు. ఆలోపు ఇంకో కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా వేరే వీసాకి మారాలి, లేదా విమానం ఎక్కాలి. వాడు పగలంతా అప్లికేషన్లు పెట్టేవాడు. రాత్రి నిద్ర పట్టేది కాదు. ఎప్పుడో కొనుక్కున్న కమాడో గ్రిల్ పెరట్లో ఉండేది. గుడ్డు ఆకారంలో, మందపాటి పింగాణీ గోడలతో, జపాను పొయ్యి పేరు పెట్టుకున్న గ్రిల్. దానికి కంట్రోలర్ చేయడం మొదలుపెట్టాడు. రాత్రి రెండింటికి వాట్సాప్‌లో గ్రాఫులు పంపేవాడు. నేను పొద్దున లేచి చూసేదాన్ని. ఇంటర్వ్యూల సంగతి అడిగితే జవాబు వచ్చేది కాదు. గ్రిల్ సంగతి అడిగితే పేజీలు పేజీలు రాసేవాడు.

అరవై రోజుల్లో ఉద్యోగం దొరకలేదు, కంట్రోలరూ కుదరలేదు. కారు అమ్మేశాడు. టీవీ ఎవరికో ఇచ్చేశాడు. గ్రిల్‌నీ, ఒక చెప్పుల డబ్బానీ నా పెరట్లో దింపాడు. డబ్బాలో సర్క్యూట్, ఫ్యాన్, రెండు ప్రోబ్‌లు, ఒక లాంగ్ నోట్‌బుక్.

"పారేయకే. పారేసినా నాకు చెప్పకు," అన్నాడు.

*

దాని జబ్బు లక్షణాలు ఇవి. 225 దగ్గర పెడితే మొదటి అరగంట బుద్ధిగా ఎక్కుతుంది. 225 చేరినట్టు చూపిస్తుంది. అక్కడినుంచి పిచ్చి మొదలు. కాసేపటికి 210 అంటుంది, ఫ్యాన్ జోరుగా తిరుగుతుంది, ఉన్నట్టుండి 250, 270 దాటిపోతుంది. కమాడోతో చిక్కేమిటంటే వేడి ఎక్కడం సులువు, దిగడం కష్టం. గోడలు అంత మందం కాబట్టి ఒకసారి హద్దు దాటితే గంటల తరబడి చల్లారదు. ఫ్యాన్‌కి ఊదడమే వచ్చు, చల్లార్చడం రాదు. అందుకని ఇలాంటి యంత్రానికి ఒక్కసారి తొందరపడ్డా శిక్ష పెద్దది.

మావాడు తప్పంతా పీఐడీ సెట్టింగుల్లో ఉందనుకున్నాడు. ఆ మూడక్షరాలు చూడగానే నాకు నాగ్రాథ్ అండ్ గోపాల్ కంట్రోల్ సిస్టమ్స్ పుస్తకం, పరీక్ష ముందురోజు రాత్రి గుర్తొచ్చాయి. రూట్ లోకస్ గీశాం, బోడే ప్లాట్ గీశాం, మార్కులు వేయించుకున్నాం. దేన్ని కంట్రోల్ చేస్తున్నామో మమ్మల్ని ఎవరూ అడగలేదు.

అసలు కథ చాలా సాదాది. నికొలాస్ మినోర్‌స్కీ అని రష్యాలో పుట్టి అమెరికా వచ్చిన ఇంజనీరు 1922లో ఓడలు వాటంతటవే దారి పట్టుకుని వెళ్లడం గురించి ఒక పేపరు రాశాడు. తర్వాత ఆ పద్ధతిని న్యూ మెక్సికో అనే యుద్ధనౌక మీద పరీక్షించారు. చేయి తిరిగిన నావికుడు చుక్కాని ఎలా తిప్పుతాడో చూడటం ఆయన ఆలోచనకి ఆధారం. ఓడ ఇప్పుడు ఎంత పక్కకి పోయిందో నావికుడు చూస్తాడు. చాలాసేపటినుంచి ఒకే పక్కకి లాగుతోందా అన్నది లెక్కలోకి తీసుకుంటాడు. ఎంత వేగంగా తిరుగుతోందో కనిపెట్టి, అతిగా తిరక్కముందే చేయి వదులు చేస్తాడు. ఇప్పటి తేడా, పోగుపడిన తేడా, తేడా మారే వేగం. పి, ఐ, డి. దేనికి ఎంత విలువ ఇవ్వాలన్నదే ట్యూనింగ్. దానికి జీగ్లర్, నికొల్స్ అనే ఇద్దరు 1942లో ఒక దారి చూపించారు. అదీ మేం పరీక్షలో రాశాం.

నోట్‌బుక్ తెరిస్తే పేజీకి మూడు అంకెలు, పక్కన తేదీ, కింద ఫలితం. మొదటి పేజీలో 4, 0.02, 5. ఫలితం: "ఊగుతోంది." తర్వాతి పేజీలో 3. ఆ తర్వాత 2.5. ఐ సగానికి తగ్గించాడు, మళ్లీ పెంచాడు, ఒకరోజు పూర్తిగా తీసేశాడు. మొత్తం 43 సార్లు. చివరికొచ్చేసరికి చేతిరాత మారిపోయింది. 39వ పేజీలో అంకెలేమీ లేవు. "ఇవాళ వెలిగించలేదు" అని మాత్రం రాసి ఉంది. ఆ తేదీ వాడికి ఒక కంపెనీలో చివరి రౌండు జరిగిన మర్నాడు.

*

నేను మాంసం జోలికి పోలేదు. యంత్రానికి జబ్బు చేస్తే దానికి పని చెప్పకూడదు. ముందు ప్రోబ్‌ని చూశాను. గ్లాసు నిండా ఐసు నలగ్గొట్టి నీళ్లు పోసి ముంచితే 32. మరిగే నీళ్లలో పెడితే 211. సరిగ్గానే ఉంది. నోట్‌బుక్‌లో చూస్తే మావాడు కూడా రెండో రోజే ఈ పరీక్ష చేసి "ప్రోబ్ ఓకే" అని గీత గీసి పెట్టుకున్నాడు. ఆ గీత తర్వాత వాడి అనుమానం మళ్లీ ప్రోబ్ వైపు పోలేదు.

రెండోది ఖాళీ గ్రిల్ నడిపి చూడటం. బొగ్గు వేసి, లోపల నీళ్ల గిన్నె పెట్టి, మూత వేసి, ప్రతి రెండు సెకన్లకి ఒక రీడింగ్ ల్యాప్‌టాప్‌లో పడేలా చేశాను. మావాడి గ్రాఫుల్లో నిమిషానికొక చుక్క ఉండేది. నిమిషానికొక చుక్కతో గీస్తే అది కొండలూ లోయల్లా కనిపిస్తుంది, మంటే ఊగుతోందనిపిస్తుంది. రెండు సెకన్లకొకటి పెట్టేసరికి ఆకారం మారింది. అవి లోయలు కావు, గోడలు. ఫ్యాన్ మొదలైన క్షణంలోనే గీత నిట్టనిలువుగా 15 డిగ్రీలు పడిపోతోంది. ఆగిన క్షణంలోనే నిట్టనిలువుగా లేస్తోంది.

చల్లగాలి తగిలి పడిపోయిందేమో అనుకోవచ్చు. ఫ్యాన్ గాలి ముందు బొగ్గులోకి పోవాలి, తర్వాత పైకి రావాలి, స్టీలు గొట్టంలో ఉన్న ప్రోబ్ చల్లబడాలి. రెండు సెకన్లలో అది అయ్యే పని కాదు. వేడి ఎప్పుడూ నడిచే వస్తుంది. అంత తొందరగా వచ్చేది కరెంటొక్కటే.

మూతకి ముల్లు థర్మామీటరొకటి ఉంటుంది. దాన్ని నమ్మకూడదని బార్బెక్యూ మనుషులందరూ చెప్తారు. నిజమే, అది పైనెక్కడో ఉంటుంది, మాంసం దగ్గరి వేడి దానికి తెలియదు. కానీ స్క్రీను మీద అంకె ధబాలున పడినప్పుడల్లా ఆ ముల్లు మాత్రం కదలలేదు. కదలకపోవడమే అది చెప్పిన సాక్ష్యం.

ఇక మల్టీమీటర్ తీశాను. ఈ ప్రోబ్‌లో ఉండేది థర్మిస్టర్. వేడెక్కేకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది. గది వేడిలో లక్ష ఓమ్‌లు ఉండేది 225 దగ్గరికి వచ్చేసరికి ఆరువేల లోపుకి దిగుతుంది. దాని మీద నిలిచే వోల్టేజీని చూసి చిప్పు వేడిని లెక్కగడుతుంది. మావాడి సర్క్యూట్‌లో ఆ వేడి దగ్గర ఒక సెల్సియస్ డిగ్రీ అంటే ఏడు మిల్లీవోల్టులు. వోల్టు నూరోవంతు కన్నా తక్కువ. అంత సన్నని గొంతుతో మాట్లాడుతుంది ప్రోబ్.

ఆ గొంతు వినడానికి చిప్పు ఒక నల్ల వైరుని ఆధారం చేసుకుంటుంది. గ్రౌండ్. అన్ని కొలతలూ దాంతో పోల్చే. సర్క్యూట్ బొమ్మలో గ్రౌండ్‌ని ఎక్కడ గీసినా ఒకటే, సున్నా. బొమ్మలో నిజమే. వైరుకి మాత్రం పొడవుంటుంది, కొంచెం నిరోధం ఉంటుంది. మావాడు ఎక్కడో దొరికిన ఒక బొమ్మ చూసి, ఫ్యాన్ కరెంటు తిరిగి వెళ్లే దారినీ, ప్రోబ్ గ్రౌండ్‌నీ ఒకే సన్న వైరు మీద కలిపాడు. ఫ్యాన్ ఆగి ఉన్నప్పుడు ఆ వైరు ఈ చివరా ఆ చివరా మీటర్ పెట్టి చూశాను. సున్నా. ఫ్యాన్ పూర్తిగా తిప్పాను. 0.06 వోల్టులు.

అరవై మిల్లీవోల్టులు. డిగ్రీకి ఏడు చొప్పున ఎనిమిదిన్నర సెల్సియస్, అంటే 15 ఫారెన్‌హీట్. గ్రాఫులో పడుతున్న గోడ ఎత్తు సరిగ్గా అంతే.

పల్లెల్లో పెరిగినవాళ్లకి ఇది చెప్పనక్కర్లేదు. బోరు మోటారు ఆన్ చేస్తే ఇంట్లో బల్బు మసకబారుతుంది. బల్బులో లోపం లేదు. మోటారూ, బల్బూ ఒకే తీగ మీద బతుకుతున్నాయి, మోటారు ఎక్కువ లాక్కుంటోంది, అంతే. ఇక్కడ మోటారు ఫ్యాన్, బల్బు ప్రోబ్. కాకపోతే బల్బు మసకబారితే మనం చీకటి పడిందనుకోం. ఈ చిప్పు అనుకుంటుంది.

అనుకుని ఏం చేస్తుందో చూడండి. వేడి కాస్త తగ్గింది, ఫ్యాన్ తిప్పుతుంది. తిప్పగానే రీడింగ్ ఇంకో పదిహేను పడుతుంది. అయ్యో ఇంకా తగ్గిందని ఇంకా గట్టిగా తిప్పుతుంది. బొగ్గు రాజుకుంటుంది. అసలు వేడి 225 దాటి 240కి చేరేదాకా స్క్రీను మీద 225 రాదు. వచ్చాక ఫ్యాన్ ఆగుతుంది, ఆగగానే రీడింగ్ 240కి దూకుతుంది. అప్పటికే రాజుకున్న బొగ్గు దాన్ని ఇంకా పైకి తీసుకుపోతుంది. యంత్రం తన చేతి కదలికనే తప్పుగా చదివి, ఆ తప్పుని సరిదిద్దడానికి మళ్లీ చెయ్యి కదిపింది. ఐసు గ్లాసులోనూ, మరిగే నీళ్లలోనూ పరీక్షించినప్పుడు ఫ్యాన్ తిరగడం లేదు. వంటింట్లో నెమ్మదిగా అడిగితే ప్రోబ్ నిజమే చెప్పింది. పెరట్లో, పని మధ్యలో చెప్పింది వేరు.

బాగుచేయడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఫ్యాన్‌కి లావుపాటి వైరు ఒకటి విడిగా, నేరుగా పవర్ అడాప్టర్ దగ్గరికి. ప్రోబ్ గ్రౌండ్‌కి దాని దారి దానికి, చిప్పు పక్కకి. రెండూ కలిసేది ఒక్కచోటే, అడాప్టర్ దగ్గర. మళ్లీ కొలిచాను. ఫ్యాన్ ఎంత తిరిగినా స్క్రీను మీద అంకె కదల్లేదు.

తర్వాత ఏ అంకెలు పెట్టాలన్నది ప్రశ్న. నోట్‌బుక్‌లో 43 రకాలున్నాయి. మొదటి పేజీ తీశాను. 4, 0.02, 5. సాయంత్రం ఏడింటికి వెలిగించాను. పొద్దునదాకా 222 కిందికి దిగలేదు, 228 పైకి ఎక్కలేదు.

*

మరుసటి రోజు రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేశాను. వాడికి పొద్దున ఏడున్నర. అప్పటికి వాడు వెళ్లి రెండు నెలలు. జనగామ దగ్గర వాళ్ల ఊళ్లో ఉన్నాడు. వెనక కోళ్ల చప్పుడు.

"ఏందే, ఇంక దాంతోనే కొట్లాడుతున్నవా?"

గ్రాఫు పంపాను. వైరు సంగతి చెప్పాను. ల్యాబ్‌లో ఇలాంటివి వింటే వాడు వెంటనే అడ్డం పడేవాడు, ఈసారి చివరిదాకా విన్నాడు.

"ఇప్పుడు ఏం సెట్టింగులు పెట్టినవ్?"

"నీవే. మొదటి పేజీవి."

"ఫస్ట్ పేజీవా?"

"అవును రా."

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. కాల్ కట్టయిందేమోనని స్క్రీను చూసుకున్నాను. కోళ్లు వినిపిస్తూనే ఉన్నాయి.

"అంటే మొదట్నుంచి మంచిగనే ఉన్నయన్నట్టు," అన్నాడు. కాసేపాగి, "గా రెండు నెలల్ల నా రెజ్యూమె గూడ గట్లనే మార్చిన. పదకొండు సార్లు," అని నవ్వాడు.

నేను దానికి ఏమీ అనలేదు. మల్టీమీటర్‌తో కొలవగలిగేది కాదది. ఉద్యోగం పోవడానికి ఏ వైరు కారణమో గ్రాఫులో కనిపించదు. రెజ్యూమెలో నిజంగా ఏదైనా లోపముందేమో కూడా నాకు తెలియదు. కానీ తనమీద తను అన్నిసార్లు స్క్రూడ్రైవర్ పెట్టుకున్న మనిషికి మొదటి పేజీ పనికొచ్చేదే అని ఒక్క చోటైనా, ఒక్క యంత్రం విషయంలోనైనా రుజువు దొరకడం చిన్న సంగతి కాదనిపించింది. రీడింగ్ బాగాలేనప్పుడు మనం మొదట మార్చేది మనల్నే. రీడింగ్ ఇచ్చేవాడు ఏ తీగ మీద కూర్చుని మాట్లాడుతున్నాడో చూడాలని ఎవరికీ తోచదు. నలభైమూడు పేజీల తర్వాత కూడా తోచదు, అలసట అలాంటిది.

*

అసలు వంట ఆ శనివారం. హలాల్ షాపులోంచి గొర్రె భుజం తెచ్చి, అల్లం వెల్లుల్లి, కారం, మిరియాలు, ధనియాల పొడి పట్టించి పెట్టాను. టెక్సస్‌వాళ్లు ఉప్పూ మిరియాలూ చాలంటారు. అననివ్వండి.

మధ్యలో ఒకసారి మూత తెరవాల్సి వచ్చింది. మూత తెరిస్తే వేడి పోతుంది, అప్పుడు పీఐడీలోని ఐ బాకీలు రాసుకోవడం మొదలుపెడుతుంది. ఇంత తక్కువ, ఇంకా తక్కువ అని కూడబెట్టుకుని, మూత వేశాక మొత్తం వసూలు చేసుకోవడానికి అవసరం లేకపోయినా ఊదుతూనే ఉంటుంది. దీనికి ఇంజనీర్లు వైండప్ అని పేరు పెట్టారు. మందు ఏమిటంటే వేడి ఒక్కసారిగా జారిపోతే మూత తీశారని అర్థం చేసుకుని, కాసేపు ఫ్యాన్ ఆపి, ఆ కాసేపట్లో పడ్డ బాకీ రాసుకోకుండా ఉండటం. మావాడు ఆ నాలుగు లైన్లూ ముందే రాసి పెట్టాడు. ఇన్నాళ్లూ అవి సరిగ్గా పనిచేయకపోవడానికి కారణం వేరే. ఫ్యాన్ తిరిగిన ప్రతిసారీ రీడింగ్ జారేది కాబట్టి చిప్పు మూత తెరిచారనుకునేది.

నాలుగు గంటలయ్యాక మాంసంలో గుచ్చిన రెండో ప్రోబ్ 158 దగ్గర ఆగిపోయింది. అరగంట చూశాను. గంట చూశాను. 158. మావాడు వీడియో కాల్‌లో ఉన్నాడు.

"మళ్ల ఏమైందే? గా ప్రోబ్ గ్రౌండ్ గూడ చూసినవా?"

చూశాను. సరిగ్గానే ఉంది. ఇక్కడ లోపమేమీ లేదు. మాంసం నెమ్మదిగా వేడెక్కేటప్పుడు లోపలి తడి పైకి వచ్చి ఆవిరవుతుంది. ఆవిరయ్యే తడి వేడిని తీసుకుపోతుంది. పొయ్యి ఇచ్చే వేడీ, తడి తీసుకుపోయే వేడీ సమానమైనచోట అంకె గంటలపాటు కదలదు. ఎండాకాలం మట్టికుండలో నీళ్లు చల్లబడేది ఇదే లెక్కన. ఇక్కడివాళ్లు దీన్ని స్టాల్ అంటారు. కొత్తగా వండేవాళ్లు భయపడి బొగ్గు పోస్తారు, వేడి పెంచుతారు, మాంసం ఎండగొట్టుకుంటారు. ఓపిక పట్టినవాళ్లకి తడి తగ్గాక అంకె తనంతట తనే కదులుతుంది. ఆలోపు గట్టి నరాలు కరిగి జిలాటిన్ అవుతుంటాయి. పైకి ఏమీ జరగనట్టు కనిపించే ఆ గంటల్లోనే మాంసం మెత్తబడుతుంది.

ఫ్యాన్ తిరిగిన క్షణంలో పడిపోయే అంకెకీ, గంటలకొద్దీ కదలని అంకెకీ తేడా తెలియడమే ఈ విద్యలో సగం. మొదటిదానికి వైరు మార్చాలి. రెండోదానికి చేతులు కట్టుకోవాలి. చేతులు కట్టుకోవడమే ఎక్కువ కష్టం, ముఖ్యంగా గడువు పెట్టుకుని బతకడం అలవాటైన మాలాంటివాళ్లకి.

"అయితే ఏం జేద్దాం?" అన్నాడు.

"ఏం చెయ్యం. మాట్లాడుకుందాం."

ఆ రాత్రి మొదటిసారి ఇంటర్వ్యూల సంగతి వాడే ఎత్తాడు. ఒక్కొక్కటీ చెప్పుకుంటూ వచ్చాడు. చివరి రౌండులో ఏమడిగారో, ఏం చెప్పాడో, 39వ పేజీ రోజు ఏమైందో. అది వాడి సొంతం, ఇక్కడ రాయను. రెండు గంటల తర్వాత అంకె 159 అయింది.

*

నాలుగు వందల ఏళ్ల క్రితం కార్నెలిస్ డ్రెబ్బెల్ అనే డచ్చి మనిషి ఇంగ్లండులో రాజుగారి కొలువులో ఉండేవాడు. తనంతట తనే వేడిని అదుపు చేసుకునే పొయ్యి ఒకటి చేశాడు. లోపలి గొట్టంలో ఆల్కహాల్, దాని పక్కన పాదరసం. వేడెక్కితే ఆల్కహాల్ పొంగి పాదరసాన్ని నెడుతుంది, పాదరసం ఒక కడ్డీని లేపుతుంది, కడ్డీ గాలి వచ్చే మూతని మూస్తుంది. చల్లబడితే మూత తెరుచుకుంటుంది. మా కమాడో కింద ఫ్యాన్ చేస్తున్నది ఇదే పని. ఆయన యంత్రంలో వేడిని కనిపెట్టేదీ, మూత కదిపేదీ ఒకే ద్రవం కాబట్టి మధ్యలో అబద్ధం చెప్పడానికి ఎవరూ లేరు. డ్రెబ్బెల్ దాన్ని వాడింది మాంసానికి కాదు. కోడిగుడ్లు పొదిగించడానికి.

ఈ సంగతి మావాడికి చెప్తే ఊళ్లో వాళ్లమ్మ నాటుకోళ్లు పెంచుతుందని గుర్తుచేశాడు. ఇప్పుడు వాడికి గచ్చిబౌలిలో ఉద్యోగం. జీతం ముందుకన్నా తక్కువ, శని ఆదివారాలు మాత్రం తనవి. ఊళ్లో థర్మాకోల్ పెట్టె, 12 వోల్టుల ఫ్యాన్, రెండు బల్బులు, ఒక ఆర్డ్యునోతో పొదిగే పెట్టె చేస్తున్నాడు. 37.5 సెల్సియస్, 21 రోజులు. అటూ ఇటూ ఒకటి రెండు డిగ్రీలు పోతే పిల్ల రాదు. పొగమీద మాంసానికున్నంత ఓర్పు గుడ్డుకి ఉండదు.

మొన్న మెసేజ్ పెట్టాడు. "గా రెండో గ్రౌండ్ వైరు ఎక్కడికెల్లి తీసినవో ఒక ఫోటో కొట్టి పంపు."

పంపాను. గుడ్లు పెట్టకముందు మూడు రోజులు ఖాళీగా నడిపి చూడమనీ, ఫ్యాన్ తిరుగుతున్నప్పుడే కొలవమనీ రాశాను. మొదట ఏ అంకెలు పెట్టాలో మాత్రం వాడు అడగలేదు.